సగం చూపించిన పెట్రోలు ముల్లు

డ్యాష్‌బోర్డు మీటర్లు బాగుచేసేవాణ్ణి మా బళ్ళారిలో ఎవరూ మెకానిక్ అనేవాళ్ళు కాదు. ఇంజను విప్పేవాడే మెకానిక్. మోచేతుల దాకా మసి ఉంటేనే పనిమంతుడు. నేనేమో ఒక స్క్రూడ్రైవరు, ఒక టెస్టు ల్యాంపు, రెండు బారల వైరు పట్టుకుని స్టీరింగు కింద తలకిందులుగా పడుకుని ఉండేవాణ్ణి. అందుకని 'ముల్లు తిప్పయ్య' అని పేరు పెట్టారు. మొదట్లో ఎగతాళికి పెట్టిన పేరే, పోనుపోను అదే నా షాపు బోర్డయింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. షాపు ఎప్పుడు పెట్టాను, ఎవరెవరు మెచ్చుకున్నారు, అవన్నీ మీకు అక్కర్లేదు. నాకే అక్కర్లేదు. నేను చేసిన తప్పులు మాత్రం పనికొస్తాయి. అందులో ఒకటి ఒక మనిషి పేరు చెడగొట్టింది. దాన్ని చెప్పడానికే ఇదంతా.

ఖాదర్ మేస్త్రి

నాకు పని నేర్పింది ఖాదర్ మేస్త్రి. హొసపేట రోడ్డులో రేకుల షెడ్డు. ఆయన యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాడు. బండి వచ్చిన వెంటనే పనిముట్టు పట్టుకోనిచ్చేవాడు కాదు. ఒక బీడీ కాలేంత సేపు ఊరికే చూడమనేవాడు. "చేతికి తొందరెక్కువ, కంటికి తక్కువ. ముందర కంటిని పంపియ్యి" అనేవాడు.

మొదటి ఏడాదే నేనొక పాపం చేశాను. ఒక డాక్టరుగారి కారులో వేడి చూపే మీటరు పనిచేయలేదు. ఆ మీటరు నుంచి ఇంజనుకు సన్నటి రాగి గొట్టం పోతుంది. గొట్టంలో ఏదో అడ్డం పడిందనుకుని, ఊది చూద్దామని మధ్యలో కోశాను. తియ్యటి వాసన ఒకటి గుప్పుమంది. ఆ గొట్టంలో ఉండేది ఈథరు. వేడికి అది ఉబ్బి ముల్లును తోస్తుంది. గాలి తగిలిందంటే ఇక అంతే.

మేస్త్రి వచ్చి చూసి, "బేటా, నువ్వు దీన్ని రిపేరీ చేయల్యా, జబా చేసినావు, గొంతు కోసినావు. ఇంగ పాతిపెట్టేదే" అన్నాడు. నేను ఏడుపు మొహం పెట్టాను. సాయంత్రం డాక్టరుగారు వస్తే మాత్రం మేస్త్రి, "లోపల గ్యాసు పోయుండాది సార్, పాతదైపాయ గదా" అని నవ్వుతూ చెప్పి పంపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన్ని దేవుడనుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు నేను రెండు విద్యలు నేర్చుకున్నాను. ఒకటి, లోపల ఏముందో తెలియని గొట్టాన్ని కోయకూడదని. రెండోది, షాపు తప్పును బండి మీదికి తోసేయవచ్చని. ఖాదర్ మేస్త్రి అంత చెయ్యి తిరిగినవాణ్ణి నేను తర్వాత చూడలేదు. కానీ ఆ రెండో విద్య ఆయన నాకు నేర్పకుండా ఉండాల్సింది.

కారు

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన తర్వాత కొన్నేళ్ళకు సండూరు కొండల్లో మాంగనీసు తవ్వకం బాగా ఊపందుకుంది. ఆ గనుల్లో ఒకటి మా ఊరి గాంధీనగర్‌లో బంగళా ఉన్న ఒక ఆసామిది. అందరం ఆయన్ని 'దణి' అనేవాళ్ళం, అంటే యజమాని అని. ఆయన మద్రాసులో ఎవరో దొర అమ్మేసి పోతుంటే ఒక రెండు సీట్ల విలాయతి స్పోర్ట్స్ కారు కొన్నాడు. అప్పటికే పాతది. పైకప్పు గుడ్డది, ముందు చక్రాల మీద రెక్కల్లాంటి మడ్‌గార్డులు, వెనక బయటికే కనిపించే పెట్రోలు ట్యాంకు. చెక్క డ్యాష్‌బోర్డులో మీగడ రంగు మొహాలతో అయిదు గుండ్రటి మీటర్లు. ఆ కారు షెడ్డులోకి వస్తే నాకు అన్నం గుర్తుండేది కాదు.

దానికి డ్రైవరు ఓబులేసు. నాకంటే పదేళ్ళు పెద్ద, మాట తక్కువ మనిషి. కారును కడగడం, పెట్రోలు పోయించడం, రాత్రికి బంగళా వెనక షెడ్డులో పెట్టడం ఆయన పని. చాలాసార్లు దణి తానే నడిపేవాడు, ఓబులేసు పక్కన కూర్చునేవాడు. అలాంటి కారు సొంతంగా నడపకపోతే కొన్న సుఖమేముంది?

మా వైపు ఆయుధపూజకు బండ్లకు రంగు వేయడం ఉంది. ఎద్దుల బండి దగ్గర్నుంచి లారీ దాకా, తిరిగే ప్రతిదాన్నీ కడిగి, తుడిచి, ఎక్కడెక్కడ గీత పడిందో అక్కడ రంగు పూసి, ఆ తర్వాతే విభూతి, కుంకుమ, నిమ్మకాయలు. ఆ ఏడు దణి కారును మాకు పంపించి, "ట్యాంకు కొత్తదాని మాదిరి మెరవల్ల" అని కబురు చేశాడు. ఆ పని నాకు పడింది. నేను ట్యాంకును మొత్తం దించాను. తుప్పు గీకి, నల్ల ఎనామిల్ మూడు పూతలు వేశాను. పట్టీలకు, బ్రాకెట్లకు, బోల్టులకు, చివరికి వాషర్ల అడుగున కూడా వదలకుండా పూశాను. ఎర్ర ధూళి మన ఊళ్ళో ఇనుమును బతకనివ్వదు, అందుకని అంత శ్రద్ధ. బిగించిన తర్వాత అందులో మొహం చూసుకోవచ్చు.

దణి చూసి సంతోషపడ్డాడు. అప్పటిదాకా ఓబులేసు ట్యాంకులో సన్నటి వెదురు పుల్ల ముంచి పెట్రోలు ఎంతుందో చూసుకునేవాడు. "ఇంగ పుల్లలు గిల్లలు ముంచొద్దు. మూతి కాడ రంగు గీసుకుపోతాది. మీటరుండాది గదా" అని దణి ఆ పుల్లను మాన్పించాడు.

నా తీర్పు

పండగ వెళ్ళిన నెలకు దణి కారును తానే తోలుకుని షెడ్డుకు వచ్చాడు. పక్కన ఓబులేసు. దిగుతూనే దణి నాతో అన్నాడు. "ఏమప్పా తిప్పయ్యా, ఈ పెట్రోలు మీటరు సరింగ ఉండాదా ల్యాదా చూసి చెప్పు. నిన్న సాయంత్రం దిగేటప్పుడు సగం చూపిచ్చె. పొద్దున ఎక్కితే అడుక్కుండాది. ఇది మూడో తూరి. రాత్రంతా కారు షెడ్డులోనే ఉండాది, బీగంచెవి ఇతని కాడ ఉండాది."

ఆ మాటకు అర్థం అక్కడ ఉన్న అందరికీ తెలిసింది. ఓబులేసు నేల చూస్తూ నిలబడ్డాడు.

నేను ఇరవై రెండేళ్ళ వాణ్ణి. దణి నన్ను అడిగాడు, మేస్త్రిని కాదు. నా ఛాతీ పొంగింది. ట్యాంకు దగ్గర వైరు ఊడదీశాను, ముల్లు నిండా చూపించింది. ఆ వైరును చాసీకి తాకించాను, ముల్లు అడుగుకు పడింది. ఆ కాలం మీటర్లకు అదే సరైన లక్షణం. వైరు తెగితే నిండుగా, బాడీకి తగిలితే ఖాళీగా చూపిస్తాయి. తర్వాత వచ్చిన బండ్లలో ఇది తలకిందులైంది, జాగ్రత్త. అంటే మీటరు బాగుంది, వైరు బాగుంది. ఇక ట్యాంకు యూనిట్ విప్పి బయటికి తీశాను. పెట్రోలు మీద తేలే బెండు, దాని చేయి ఉండేది అదే. దానికి ఒక క్లిప్పు వైరుతో ఎర్తు ఇచ్చి, అంటే బండి ఇనుముకు కలిపి, చేయిని నా వేలితో ఎత్తాను. ముల్లు ఖాళీ, పావు, సగం, నిండా, ఎక్కడా తడబడకుండా లేచింది. మళ్ళీ బిగించాను.

"మీటరు గట్టిగా ఉండాది దణీ" అన్నాను.

ఓబులేసు అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. "తిప్పయ్యప్పా, గుంతల్లో పడితే ముల్లు దబుక్కున కిందికి పోతాది. మల్ల యాడనో ఒగ చోట లేస్తాది. ఒక్క తూరి నాతో కూర్చోని సండూరు దావన రాప్పా. నీ కంటితో చూడు."

"పెట్రోలు కుదుపుకు ఊగుతాది గదన్నా, ముల్లు ఊగకుండా ఉంటాదా?" అన్నాను. చాలా తెలిసినవాడిలా నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు సిగ్గేస్తుంది.

దణి ఓబులేసు వైపు చెయ్యి చాపి బీగం చెవులు తీసుకున్నాడు. "ఇంగ ఇంటికాడికి రావొద్దు" అన్నాడు. కేకలు లేవు, తిట్లు లేవు. ఓబులేసు మా షెడ్డు నుంచే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఊళ్ళో డ్రైవర్లందరూ పొద్దున లారీ స్టాండు దగ్గర టీ తాగేవాళ్ళు. ఎవరికి డ్రైవరు కావాలన్నా అక్కడికే వచ్చి అడుగుతారు. పెట్రోలు తీసినవాడనే మాట అక్కడికి ఓబులేసు కంటే ముందే చేరింది. ఆ తర్వాత ఆయనకు ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు.

నాలుగు నెలల తర్వాత

దణి మళ్ళీ వచ్చాడు. ఈసారి పక్కన కొత్త డ్రైవరు. "అదే కథప్పా. సాయంత్రం సగం, పొద్దునకు ల్యా. నా కర్మకు వచ్చినోళ్ళంతా దొంగలేనా?" అన్నాడు. కారు వదిలేసి వెళ్ళాడు.

ఖాదర్ మేస్త్రిని సీట్లో కూర్చుని ముల్లు చూడమన్నాను. నేను వెనక ట్యాంకు కింద దూరాను. ముల్లు సగం చూపిస్తోందని మేస్త్రి చెప్పాడు. ట్యాంకు తట్టి చూస్తే ఖాళీ మోత. బ్రాకెట్ బోల్టు బిగువుగా ఉందో లేదో చూద్దామని స్పానరు పెట్టాను. స్పానరు జారి, దాని ఒక కొస ట్యాంకు అంచును గీసి, రెండో కొస చాసీని తాకింది.

"అరే, ముల్లు పడిపాయరా! ఏంది తాకిస్తివి?" అని మేస్త్రి అరిచాడు.

స్పానరు తీశాను. "లేచె." పెట్టాను. "పడె." అలా అయిదారు సార్లు చేశాం.

ట్యాంకు యూనిట్‌కు ఎర్తు ట్యాంకు ద్వారానే రావాలి. ట్యాంకుకు ఎర్తు బ్రాకెట్ల నుంచి, బోల్టుల నుంచి రావాలి. ఇనుము ఇనుమును తాకే ప్రతిచోటా నా నల్ల ఎనామిల్ ఉంది. పెట్రోలు పైపుకు మధ్యలో రబ్బరు ముక్క, అటువైపూ దారి లేదు. ఎర్తు పూర్తిగా తెగితే ముల్లు నిండా చూపించేది; ఇలా అరకొరగా అందితే ఖాళీ ట్యాంకు కూడా సగం చూపిస్తుంది. కుదుపుకు బోల్టు ఎక్కడో రంగును కొరికితే ఎర్తు అంది ముల్లు నిజం చెబుతుంది, మరో కుదుపుకు మళ్ళీ అబద్ధం. బంగళా షెడ్డుకు ఎత్తయిన రాతి గడప ఉంది. దణి పోర్టికోలో దిగేటప్పుడు ముల్లు సగం చూపిస్తుంది. తర్వాత కారు ఆ గడప ఎక్కి లోపలికి పోయి, పొద్దున మళ్ళీ గడప దిగి వస్తుంది. ఆ దెబ్బకు ముల్లు ఖాళీ చూపిస్తుంది. పెట్రోలు ఎవరూ తీయలేదు. అది ముందు రోజే అడుగంటింది.

మరి నేను చేసిన పరీక్షలో ఎందుకు దొరకలేదు? యూనిట్‌ను ట్యాంకు నుంచి తీసి, నా క్లిప్పుతో నేనే దానికి మంచి ఎర్తు ఇచ్చాను. ఏది లేక ఆ మీటరు తప్పు చెబుతోందో, దాన్ని నా చేత్తోనే అందించి, అంతా బాగుందని తీర్పు చెప్పాను. మీరు ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. బండిలో ఉన్నదాన్ని బండిలో ఉన్నట్టే పరీక్షించాలి. ఇంకొకటి, ఓబులేసు మాట విని ఒక్కసారి పక్కన కూర్చుని ఉంటే సండూరు దారిలో తోరణగల్లు చేరకముందే తేలిపోయేది. వెదురు పుల్ల ముంచినా తేలిపోయేది. మీటర్ల మనిషినన్న గర్వానికి నాకు పుల్ల గుర్తుకే రాలేదు.

మేస్త్రి కిందికి వంగి చూశాడు. ఆయనకు వెంటనే అర్థమైంది. ట్యాంకుకూ చాసీకీ మధ్య ఒక వైరు వేయించాడు. తర్వాత మెల్లగా, "మన చేతి రంగని చెప్తే రేపట్నుంచి ఈడికి సైకిలు గూడ రాదు. మీటరు బాగాయ గదా. సుమ్నె ఉండు" అన్నాడు.

సుమ్నె ఉన్నాను, నోరు మూసుకుని. పదిహేను రోజులు. రంగు పూయడం తెలియక చేసిన తప్పు, మీటరు బాగుందనడం గర్వంతో చేసిన తప్పు, ఈ పదిహేను రోజులు మాత్రం తెలిసి చేసినవి.

తోరణగల్లు

ఒక లారీ హారను చూడమంటే తోరణగల్లు రైలు స్టేషనుకు పోయాను. అక్కడ ఖనిజం వ్యాగన్లకు ఎత్తుతున్నారు. బుట్ట నెత్తిన పెట్టుకుని, వ్యాగనుకు ఆనించిన చెక్క పలక ఎక్కుతున్న వరుసలో ఓబులేసు కనిపించాడు. తల నుంచి కాలి దాకా ఎర్రగా ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకుని పలక ఎక్కేశాడు. స్టీరింగు పట్టుకునేటప్పుడు గుడ్డతో చేతులు తుడుచుకునే మనిషి ఆయన. నేను హారను ఎలా బాగుచేశానో నాకు గుర్తులేదు.

తిరిగి వచ్చి మేస్త్రికి చెప్పాను, దణి దగ్గరికి పోతున్నానని. ఆయన చాలాసేపు బీడీ వెలిగించకుండా నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. "పో. ఆపలేను నిన్ను" అన్నాడు.

దణిని కారులో కూర్చోబెట్టి, మేం వేసిన వైరు ఊడదీశాను. "ఇప్పుడు ముల్లు యాడుండాది దణీ?" "సగం." వైరు తగిలించాను. "ఇప్పుడు?" ముల్లు కిందికి జారడం చూసి ఆయన మళ్ళీ చేయమన్నాడు. మూడుసార్లు చూశాడు. పూసిన రంగు నాదేనని, ఆ రోజు నా పరీక్షే తప్పని, షెడ్డు గడప సంగతి, అన్నీ చెప్పాను. ఆయన ఆ మీటరు వైపే చూస్తూ, "ఆయ్తు, సరే. పనికి రమ్మని చెప్పు వానికి" అన్నాడు.

మర్నాడు తోరణగల్లు పోయి ఓబులేసుకు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"పని వద్దప్పా నాకు ఆయప్ప కాడ. స్టాండు కాడ చెప్పమను, నలుగురిలో. మాట పోయింది ఆడ. ఆడనే రావల్ల."

ఆ సంగతి దణికి చెబితే, "నేను లారీ స్టాండుకు పోయి డ్రైవర్ల ముందర చెప్పల్లనా? బిడు బిడు, వదిలెయ్యి" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఎవరి ముందరా మెడ వంచడం అలవాటు లేనివాడు, అంతే. అలాంటివాళ్ళు పైన ఉన్నప్పుడు కిందివాడి పేరు నిలబెట్టేది మనమే. ఇంకెవరూ రారు.

కాబట్టి నేనే పోయాను. పొద్దున స్టాండు నిండా జనం. ఓబులేసు దూరంగా గోడ దగ్గర నిలబడ్డాడు. నేను టీ అంగడి బల్ల పక్కన నిలబడి గట్టిగా చెప్పాను. "ఓబులేసన్న పెట్రోలు తీయల్యా. ట్యాంకుకు రంగు పూసి మీటరు చెడగొట్టింది నేను. మీటరు బాగుండాదని చెప్పిందీ నేనే. తప్పు నాది."

ఒకడు నవ్వి, "ఇంగ నీ కాడికి బండి ఎవుడు తెస్తాడప్పా?" అన్నాడు. తేకపోతే తేకపోయారు అనుకున్నాను. నిజంగానే కొన్నాళ్ళు తేలేదు.

అప్పుడు కాలువ కింద వరి పండించే కోస్తా రైతు ఒకాయన, కోస్తావాళ్ళు కట్టుకున్న క్యాంపు ఊరి నుంచి లారీతో వచ్చి డ్రైవరు కోసం చూస్తున్నవాడు, ఓబులేసు దగ్గరికి నడిచాడు. "ఏమయ్యా, రేపట్నించి మా లారీ ఎక్కుతావా?" అని అడిగాడు. ఓబులేసు తలూపాడు.

తర్వాత ఓబులేసు నా దగ్గరికి వచ్చి, "ఇంటికాడికి గూడ రాప్పా. మా ఇంటామె ఈ నాలుగయిదు నెలలు నన్ను ఒక్క మాట అడగల్యా. అడగకుండా ఉండేదే నాకు బరువైపాయ. ఆమెకూ నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ ఇంటికి నడవడం స్టాండులో నిలబడడం కంటే కష్టమైంది. ఆయన భార్య సుంకమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నిలబడే మొత్తం చెప్పాను. మీటరు, రంగు, నా నోటి మాట, ఆమె అడగలేదని ఆయన మోసిన బరువు. చేట ఆపకుండా విన్నది. నేను ముగించాక మొగుడి వైపు చూసింది.

"దానికా, నేను అడగల్యా అని కుమిలితివి? అడిగేదేముండాది? తీసింటే నాకు చెప్పకుండా ఉంటావా నువ్వు?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఓబులేసు గడప మీద కూలబడ్డాడు. ఆమె చేట పక్కన పెట్టి లేచింది.

"రేపు బండి ఎక్కుతావా మరి? సద్ది కట్టల్లనా?"

"కట్టు" అన్నాడు ఓబులేసు.